పొలం ఓర్చుకుంటుంది, కుండీ ఓర్వదు

వరికోత మిషన్ పోయిన మర్నాటి నుంచే మా మఠంపల్లి పొలాల్లో పొగ లేస్తుంది. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలేలోగా మడి ఖాళీ కావాలి, గడ్డి మోయిస్తే కూలి గిట్టదు. అదే ఊళ్లో డాబా మీద మొక్కలు పెంచేవాళ్లం కుండీల్లోకి కొబ్బరిపొట్టు ఇటుకలు కొంటాం!

గడ్డిని కుప్ప వేస్తే ఎరువవుతుంది, నిజమే. కానీ పొలానికి తోలే పెంట వేరు, కుండీకి పోసే మట్టి వేరు. సగం చివికిన పెంటను ఎండాకాలం చల్లి దున్నేస్తే మిగతా పని నేలే చూసుకుంటుంది. కుండీలో వేరు ఎటు పోతుంది? గడ్డిని చివికించే సూక్ష్మజీవులే ముందు నత్రజని లాగేసుకుంటాయి, ఆకు పసుపెక్కుతుంది.

వరిగడ్డిలో నత్రజని ఒక పాలుంటే కర్బనం 60 పాళ్లకు పైమాటే. చురుగ్గా మాగాలంటే 25 – 30 పాళ్లుండాలి. ఆ నత్రజని లోటు పచ్చి పేడ, జనుము, పచ్చి ఆకులు తీరుస్తాయి. శాస్త్రవేత్తలు ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్ 1931లో పుస్తకంగా రాసిన ఇండోర్ ఎరువు పద్ధతిలోనూ గడ్డి, పేడ, మూత్రంతో తడిసిన మట్టి, బూడిదే. మన పెంటకుప్పలో కొరవడింది తిరగేయడం.

కుప్ప నడిమికి ఇనుప చువ్వ దించి, కాసేపాగి తీస్తే చేత్తో పట్టుకోలేనంత కాలాలి. 55 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలిస్తేనే కలుపు గింజలు చస్తాయి. గుప్పెడు పిండితే వేళ్ల సందున తడి కనబడాలి, ధార కట్టకూడదు. తిరగేసి తడిపినా మళ్లీ వేడెక్కకపోతే మాగినట్టే; అప్పుడు నీడన ఆరనిచ్చి, జల్లించి, గుప్పెడు మెంతులు చల్లి చూస్తాను. మొలక పచ్చగా లేస్తేనే కుండీకి.

ఆ ఎరువు, ఎర్రమట్టి, మిర్యాలగూడ మిల్లుల ఊక సమపాళ్లలో కలుపుతాను. ఊక బూడిద మాత్రం చిటికెడే. సిమెంటు ఫ్యాక్టరీలకు రాయినిచ్చే సున్నపు నేల మనది, బూడిద క్షారం దానికి తోడైతే మొక్కకు ఇనుము అందదు.

గడ్డి తగలబెట్టొద్దని రైతుకు చెప్పేవాళ్లు చాలామందే. తిరగేసే కూలి ఎవరిస్తారు? పొలానికి తోలే పెంటకు ఆ కూలి గిట్టే ధర పలకదు. కుండీకి పనికొచ్చేలా మాగించి జల్లించిన బస్తాకు పలుకుతుంది. నర్సరీలు, డాబా తోటలవాళ్లు దాన్ని ఊళ్లోనే కొంటే ఆ కూలి అందులోంచే వస్తుంది.