జెంటిల్‌మాన్ ఎవరి కొడుకు?

మా కశింకోటలో సంబంధాలు చెప్పే మధ్యవర్తి "డీసెంట్ ఫ్యామిలీ అండి" అన్నాడంటే కులం, పొలం, కట్నం లెక్క మూడూ చెప్పేసినట్టే. అక్క కోసం వచ్చిన సంబంధం గురించీ అదే మాట. "పెద్దింటివాళ్ళు" అని ఉంటే, "ఏ రకంగా పెద్ద?" అని అడిగేవాళ్ళమేమో. ఇంగ్లీషు మాటని ఎవరూ ఎదురడగరు.

ఈమధ్య 'కన్యాశుల్కం' మళ్ళీ చదువుతుంటే ఇదంతా గుర్తొచ్చింది. గురజాడ పుట్టిన ఎస్. రాయవరం మా జిల్లాలోనే. 1897లో అచ్చయిన మొదటి కూర్పుని ఆయన విజయనగరం మహారాజు ఆనంద గజపతికి అంకితమిచ్చారు, పీఠిక ఇంగ్లీషులో రాశారు. రాజుగారికి మర్యాద ఇంగ్లీషులో. లోపలికెళ్తే అదే ఇంగ్లీషు గిరీశం నోట్లో! అతనికి కులముంది, కాసుల్లేవు, పరువు అంతకన్నా లేదు. నాలుగు ఇంగ్లీషు ముక్కలతో అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో తిష్ఠ వేస్తాడు.

ఈ మాటల పుట్టుక తవ్వితే తమాషాగా ఉంటుంది. జెంటిల్‌మాన్‌లోని జెంటిల్‌కి మూలం వంశం అనే అర్థమున్న లాటిన్ మాట. అంటే మంచివాడని కాదు, ఫలానావారి బిడ్డ అని. విలన్ అంటే మొదట్లో పొలం పని చేసుకునే పల్లెటూరివాడు. (ఆ లెక్కన మా ఊరంతా విలన్లే.) మనమేం తక్కువ తినలేదు. అభిజాత్యంలోనూ పుట్టుకే ఉంది.

సౌజన్యంలోనూ అదే ధాతువు. సౌజన్యారావు పంతులు నిజంగా మంచివాడే, కానీ వేశ్య మొహం చూడడు. మధురవాణి మగవేషం వేసుకుంటేనే ఆయన గడప దాటగలిగింది. లుబ్ధావధాన్లుని కేసులోంచి బయటపడేసే సంగతి చెప్పి, ప్రతిగా ముద్దు అడిగి, తీరా ఆయన సిద్ధపడ్డాక తనే వద్దనేస్తుంది. ఆ గదిలో పెద్దమనిషి ఎవరు? మధురవాణిని మరీ ఆదర్శంగా రాశారని ఒకప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు నా ఫిర్యాదు వేరు: ఆవిడ మంచితనానికి కూడా చివరికి వకీలుగారింట్లోనే ముద్ర పడాల్సి వచ్చింది. ఆవిడకి సరిపోయే గౌరవవాచకం ఇంగ్లీషులో లేదు, తెలుగులోనూ లేదు.

అక్క ఆ సంబంధం వద్దంది. మాటలన్నీ అయ్యాక, నిశ్చితార్థం ముందు కారు అడిగారు. మధ్యవర్తి వాళ్ళని ఇప్పుడు ఇంకో ఇంట్లో చెప్తున్నాడు. డీసెంట్ ఫ్యామిలీ అనే.