జోలె కట్టిన గురువు

ఘంటసాల మీద ఏ వ్యాసం చదివినా, ఏ సభలో ఉపన్యాసం విన్నా, కథ విజయనగరం చేరేసరికి ఒక జోలె కనిపిస్తుంది. 1922లో పుట్టి, పదకొండో ఏట తండ్రిని పోగొట్టుకున్న కుర్రాడు చేతి ఉంగరం అమ్ముకుని సంగీతం కోసం ఆ ఊరొచ్చాడు. ఇంటికో రోజు చొప్పున వారాలు చేసుకుని తిన్నాడు. తోటివాళ్లు చేసిన తప్పు తన మీద పడి కళాశాలకి దూరమయ్యాడు, వారాలూ పోయాయి. అప్పుడు గురువు పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి, మాధుకరం చెయ్యడం నేర్పారు. భుజాన జోలెతో కుర్రాడు వీధులు తిరిగాడు. ఇక్కడికొచ్చేసరికి చెప్పేవాళ్ల గొంతు బొంగురుపోతుంది. ఆ తర్వాత ఒక మాట తప్పకుండా వస్తుంది: "అందుకే ఆ కాలంలో అలాంటివాళ్లు తయారయ్యారు."

నా పేచీ ఆ "అందుకే"తోనే.

లాగ్ ఫైల్లో రెండు లైన్లు పక్కపక్కన ఉన్నంతమాత్రాన మొదటిది రెండోదానికి కారణం అయిపోదు. మా ఉద్యోగంలో మొదటి ఏడాదే నేర్చుకునే పాఠం ఇది. ఆకలి పక్కనే సంగీతం ఉంది కాబట్టి ఆకలి వల్లే సంగీతం వచ్చిందనడం అలాంటి పొరపాటే. ఆకలి వల్ల పాట మానేసినవాళ్ల జీవితచరిత్రలు ఎవరూ రాయరు, అంతే.

ఈ కథనంలో ఎక్కువ నష్టపోయింది గురువుగారు. జోలె ఇచ్చిన మనిషిగా గుర్తుండిపోయారు తప్ప, పాట ఇచ్చిన మనిషిగా కాదు. సాలూరు చిన్న గురువుగారని పేరున్న శాస్త్రిగారు నియమనిష్ఠల మనిషి. ఆ కాఠిన్యం గురించి చాలా విన్నాం. మరి అది సంగీతంలో ఎలా ఉండేది?

ఒక ఆధారం ఉంది. ఆయన తనే హార్మోనియం వాయించుకుంటూ పాడేవారు. ఇది చిన్న విషయం కాదు. శాస్త్రీయ సంగీతం తెలిసిన చాలామందికి హార్మోనియం అంటే చులకన. మెట్లు బిగించి ఉంటాయి, గమకం పలకదు అన్నది వాళ్ల ఫిర్యాదు. 1940లో ఆకాశవాణి ఆ వాద్యాన్ని పక్కన పెట్టేసింది, మూడు దశాబ్దాల దాకా మళ్లీ రానివ్వలేదు. నిష్ఠ అంటే పెద్దలు గీసిన గీత దాటకపోవడమే అయితే, శాస్త్రిగారు ఆ పెట్టె ముట్టుకోకూడదు. కానీ ముట్టుకున్నారు. అంటే ఆయన కాఠిన్యం ఆచారం గురించి కావచ్చు గానీ, పాట దగ్గర మాత్రం చాదస్తం కాదు.

ఇంకో సంగతి. హార్మోనియం స్వరస్థానాన్ని చూపించి ఊరుకుంటుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే పని, కంపించే పని మొత్తం గొంతే చెయ్యాలి. వయొలిన్ అయితే గొంతు వెనకే నడుస్తుంది, చిన్న తడబాటుని కప్పేస్తుంది కూడా. హార్మోనియం కప్పదు. గొంతు అరవీసం పక్కకి పోయినా మెట్టు అక్కడే నిలబడి పట్టిస్తుంది. తిట్టకుండా తప్పు చూపించే వాద్యం అది.

ఇప్పుడు ఘంటసాల పాడిన పుష్పవిలాపం పెట్టుకుని వినండి. కరుణశ్రీ పద్యాలవి. రంగస్థలం మీద పద్యమంటే చివర్లో సాగే రాగమే అనుకునే అలవాటు మనది. ఇక్కడ అలా ఉండదు. మాట ముందు స్పష్టంగా పడుతుంది, అర్థం అందాక రాగం కొంచెం విచ్చుకుంటుంది, చాలనిపించిన చోట ఆగిపోతుంది. గమకం ఉంటుంది, ప్రదర్శన ఉండదు. శ్రుతి ఎక్కడా జారదు. గురువు ఫలానా పాఠం చెప్పారని నేను అనడం లేదు. కానీ నా చెవికి విజయనగరంలో దొరికిన కాఠిన్యం ఇదే: అక్కర్లేనిది పాడకుండా ఉండగలగడం.

జోలె కథలో చెప్పని ముక్క ఇంకొకటుంది. వారాలూ మాధుకరమూ బ్రాహ్మణ కుర్రాళ్లకి ఉన్న దారులు. అదే ఆకలితో వేరే కులం పిల్లాడు వచ్చి ఉంటే ఏ వీధి అన్నం పెట్టేది? గురువు ప్రేమ నిజమే, కానీ ఆ ప్రేమ నడవడానికి ఊరు ముందే వేసి ఉంచిన బాట ఒకటుంది. ఆ బాట అందరిదీ కాదు.

అందుకే నాకు మహారాజా సంగీత కళాశాల, అది పుట్టిన తీరు ముఖ్యమనిపిస్తాయి. 1919లో విజయరామ గజపతిరాజు దాన్ని పెట్టింది చూపు లేని ఒక కుర్రాడి కోసమని చెప్తారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. 1936లో ఆయన తర్వాత వచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు, బ్రాహ్మణేతరుడు. చూపు మందగించి బడి చదువు ఆగిపోయిన మనిషి. ఇంటి గడపలు దాటాల్సిన పని లేకుండా, జీతమున్న గురువు, పాఠముండే గది, ఒక పట్టా. ఆకలి సమస్య అదీ తీర్చలేదు. ఐనా వీధుల దయ కంటే అది మెరుగైన ఏర్పాటు. గురుశిష్య పరంపర పోయిందని బాధపడేవాళ్లు ఈ తేడా ఒకసారి చూడాలి.

ఇక శాస్త్రిగారి ప్రేమకి నాకు దొరికిన మంచి సాక్ష్యం జోలె కాదు, ఆయన కొడుకు. 1957లో శాస్త్రిగారు పోయారు. కొడుకు పట్రాయని సంగీతరావు ఏళ్ల తరబడి మద్రాసులో ఘంటసాలకి సహాయకుడిగా, హార్మోనియం పక్కన కూర్చున్నారు. తండ్రి శిష్యుడి దగ్గర పనిచెయ్యడం చిన్నతనమనుకోలేదు. తర్వాత వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకి సంగీతం కూర్చారు. 2021లో, వందేళ్లు నిండిన వయసులో కన్నుమూశారు. ఆయన వేళ్ల కింద ఉన్నది మళ్లీ ఆ హార్మోనియమే.

శిష్యుడు ఎంత కష్టపడ్డాడన్న లెక్కతో గురువుని కొలిస్తే, కష్టపెట్టినవాళ్లంతా గొప్ప గురువులైపోతారు. మన కాలేజీల్లోనూ ఆఫీసుల్లోనూ అలా చెలామణీ అవుతున్నవాళ్లు తక్కువేం కాదు. శాస్త్రిగారిని వాళ్ల వరసలో కూర్చోబెట్టకండి. ఆయన కుర్రాడికి ఆకలి ఇవ్వలేదు. ఆకలితో వచ్చినవాడికి, చేతనైన దారి చూపించి, పాట మాత్రం తగ్గించకుండా ఇచ్చారు.