ఆగిన బండికే గాలి కావాలి

ఎండాకాలం మధ్యాహ్నం నవాబుపేటలో కారు ఆపి, తాళం తీసి చాయ్ కోసం దిగుతారు. ఇంజన్ ఆగినా బానెట్ కింద గుయ్‌మని మోత. కొన్ని కార్లలో అంతే. కొత్తగా కారు కొన్నవాళ్లయితే బండి బందు కాలేదేమోనని వెనక్కి నడుస్తారు. నిజానికి ఫ్యాన్ తిరుగుతున్నది ఇంజన్ ఆగినందుకే. ఇంజన్‌తోపాటు నీళ్ల పంపూ నిలిచిపోతుంది. ఇంజన్ హెడ్‌లోని వేడి, కదలని కూలెంట్‌లోకి ఎక్కుతూనే ఉంటుంది.

పెట్రోలు మండితే వచ్చే వేడిలో ఇంచుమించు మూడో వంతు కూలెంట్ మోసుకుపోవాల్సిందే. చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు మీద బండి జోరుగా పోతున్నంతసేపూ ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది, ఫ్యాన్‌కు పని తక్కువ. రైల్వే గేటు దగ్గర నిలబడినప్పుడో, వికారాబాద్ దాటాక అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడో అసలు పరీక్ష. అక్కడ వేగం తక్కువ, ఇంజన్ మీద భారం ఎక్కువ.

తాండూరు నాపరాళ్లు మోసే లారీల్లో ఈ పని పాత పద్ధతిలోనే సాగుతుంది. ఫ్యాన్‌ను ఇంజనే తిప్పుతుంది. గుట్ట మీద చిన్న గేరులో ఇంజన్ గింగిరాలు తిరిగితే ఫ్యానూ అంతే జోరుగా తిరుగుతుంది. పెద్ద బండికి ఇది సరిపోయే ఏర్పాటే. కానీ చల్లటి పొద్దున కూడా అనవసరంగా తిరిగి డీజిల్ తింటుంది. అందుకే చాలావాటికి మధ్యలో సిలికాన్ నూనెతో పనిచేసే కప్లింగ్ పెట్టారు. వేడి ఎక్కితేనే అది గట్టిగా పట్టుకుంటుంది.

కార్ల కథ వేరు. 1983లో వచ్చిన మారుతి 800 వంటి చిన్న కార్లలో ఇంజన్‌ను అడ్డంగా పెట్టారు. బెల్టు ఉన్నది పక్కకు, రేడియేటర్ ఉన్నది ముందుకు. ఇక ఫ్యాన్‌కు సొంత మోటారు తప్పలేదు.

ఆ మోటారును నడిపే తీరు బోరు ఉన్న రైతుకు చెప్పనక్కర్లేదు. స్టార్టర్ బటన్‌లో పారేది కొద్ది కరెంటే; అది లోపలి కాంటాక్టును లాగితే పెద్ద కరెంటు మోటారుకు పోతుంది. కారులో ఆ స్టార్టరే రిలే. బటన్ నొక్కే వేలు కూలెంట్‌లో మునిగిన సెన్సార్. చాలా బండ్లలో 95 డిగ్రీలకు అటూ ఇటూగా ఫ్యాన్ మొదలవుతుంది, అయిదారు డిగ్రీలు దిగాకే ఆగుతుంది. ఈ తేడా కావాలనే పెట్టింది. ఒక్క డిగ్రీ దగ్గరే ఆన్, ఆఫ్ అయితే రిలే టకటకలాడి కాలిపోతుంది. నీళ్ల ట్యాంకు ఫ్లోట్ స్విచ్చుకూ ఇదే తెలివి.

రెండో ఫ్యాన్, అంటే సహాయ ఫ్యాన్, ఏసీ పుణ్యం. రేడియేటర్ ముందర ఏసీ కండెన్సర్ కూచుని గాలికి అడ్డం పడుతుంది, తన వేడినీ కలుపుతుంది. అందుకే ఏసీ వేసినా, గ్యాస్ ప్రెజర్ పెరిగినా ఫ్యాన్ కదులుతుంది. కొన్ని బండ్లలో రెండు మోటార్లనూ వరుసగా కలిపితే ఒక్కోదానికి ఆరు వోల్టులే అంది మెల్లగా తిరుగుతాయి. వేడి పెరగగానే రిలేలు మారి, దేనికది 12 వోల్టులు అందుకుంటుంది. ఇంత సులువైన ఉపాయం నాకు ఇంజన్ గదిలో మరొకటి కనబడలేదు.

"సెన్సార్ తోటి లొల్లెందుకు సార్, డైరెక్ట్ చేస్తా" అనే మాట మన మెకానిక్ షెడ్లలో తరచూ వినిపిస్తుంది. ఫ్యాన్‌ను నేరుగా తాళానికి కలిపేస్తారు. దారిలో చిక్కుకున్నవాణ్ని ఇల్లు చేర్చడానికి అది గొప్ప విద్యే. అదే శాశ్వతమైతే మోటారు అరిగిపోతుంది. థర్మోస్టాట్ పీకేసి చేతిలో పెట్టే అలవాటూ ఈ కోవలోదే; అది లేకపోతే ఇంజన్ కాగాల్సినంత కాగక నూనె పాడవుతుంది.

అయితే అదే షెడ్డులో నేర్చుకోదగ్గ ఒడుపులూ ఉన్నాయి. ఏసీ వేసి చూస్తారు. ఫ్యాన్ కదిలితే మోటారు బతికే ఉంది, తప్పు సెన్సార్ వైపు వెతకాలి. గ్రిల్ ముందు కాగితం పెడతారు. రేడియేటర్ వెనుక ఉన్న ఫ్యాన్ దాన్ని లోపలికి లాక్కోవాలి. బయటికి తోసేస్తే ఎవరో వైర్లు తారుమారు చేశారన్నమాట. అలాంటి ఫ్యాన్, బండి పోతుంటే ఎదురుగాలితోనే కొట్లాడుతుంది.

ఫ్యాన్ చక్కగా తిరుగుతున్నా వేడి తగ్గకపోతే, అనుభవమున్న చేయి రిలే పెట్టె మీదికి పోదు. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులోకి టార్చి వేస్తుంది. పత్తి పింజలు, మట్టి, పురుగుల రెక్కలు అక్కడ చాపలా అల్లుకుని ఉంటాయి. ఇంజన్ చల్లారాక లోపలి వైపు నుంచి బయటికి, రేడియేటర్ రెక్కలు వంగకుండా మెల్లగా నీళ్లు కొడితే ఆ చాప ముక్కలు ముక్కలుగా ఊడి వస్తుంది.