ఎఱ్ఱని సుడుల చిత్రము

అమెరికాలోని నాసా సంస్థ బొగ్గుపులుసు వాయువును గూర్చి 2014 నవంబరులో విడుదల చేసిన మూడు నిమిషముల చలనచిత్రము చూడముచ్చటగా నున్నది. శీతకాలములో ఉత్తరార్ధగోళముపై ఎఱ్ఱని సుడులు క్రమ్ముకొనును. వేసవిలో చెట్టుచేమలు ఆ వాయువును గ్రహింపగా రంగు వెలవెలబోవును. ఋతుచక్రమును ఇంత స్పష్టముగా చూపిన చిత్రములు అరుదు.

అయితే చూచినవారు ఇవి ఉపగ్రహము తీసిన ఫోటోలని భ్రమపడుదురు. నిజమునకు ఇది కర్మాగారములు, కార్చిచ్చులు వెలువరించు వాయువుల అంచనాలను, గాలుల గమనమును తీసికొని 2006వ సంవత్సరమునకు కంప్యూటరు వేసిన లెక్క. వ్యాఖ్యాత ఆ మాట చెప్పకపోలేదు. కాని అంతటి రంగుల ముందు ఒక్క మాట ఏపాటి? ఆ రంగులును చిక్కు పెట్టునవే. ఆ యేడు గాలిలో పదిలక్షల పాళ్ళకు ఈ వాయువు సుమారు 380 పాళ్ళు. ముదురు రంగునకు, లేత రంగునకు నడుమ తేడా కొద్ది పాళ్ళే.

నిజమైన కొలత ఇంత నిండుగా నుండదు. 2014 జూలైలో ప్రయోగింపబడిన ఓసీఓ-2 ఉపగ్రహము 705 కిలోమీటర్ల ఎత్తునుండి, భూమిపై పడి తిరిగివచ్చు సూర్యకాంతిని వర్ణపటముగా విడదీయును. బొగ్గుపులుసు వాయువు కొన్ని పరారుణ కిరణములను మ్రింగును. ఎంత మ్రింగినదో చూచి, గాలిలో పాలు మారని ప్రాణవాయువుతో పోల్చి లెక్క కట్టుదురు. రాత్రివేళ కొలత లేదు. దట్టముగా మబ్బు పట్టిన చోట లేదు. చూచు దారి వెడల్పు సుమారు పది కిలోమీటర్లే. మరల అదే దారికి వచ్చుటకు 16 దినములు. కనుక పటముపై మిగులునవి సన్నని చారలు, నడుమ ఖాళీలు. లెక్కలో ఖాళీ లుండవు, కొలతలో ఉండును. తరగతిలో ఈ చిత్రమును చూపు ఉపాధ్యాయుడు ప్రక్కనే ఆ చారల పటమును గూడ తగిలించినచో, “నడుమ చోటు సంగతేమిటండీ?” అని ఎవడో ఒక విద్యార్థి అడుగకపోడు.