దీపాలార్పిన ఊళ్లో అపరాధ పరిశోధన

యుద్ధంలో చిక్కుకున్న నగరంలో జరిగే హత్యను ఇతివృత్తంగా తీసుకునే రచనలు అపరాధ పరిశోధక సాహిత్యంలో ఒక ప్రత్యేక శాఖగా ఎదిగాయి. మామూలు డిటెక్టివ్ నవలలో శవం కనిపించడమే పెద్ద సంచలనం కాగా, బాంబులు పడే ఊళ్లో అది ఎవరికీ వింత కాదు కనుక, ఇక్కడ పరిశోధకుడు హంతకుణ్ని వెతకడానికి ముందు అసలు జరిగింది హత్యేనని నిరూపించవలసి వస్తుంది. ఈ శాఖకు ప్రాణమైన మొదటి మెళకువ ఇదే.

లండన్ పోలీసు చరిత్రలో దీనికి సాటిలేని ఉదాహరణ ఉంది. 1942 జులైలో వాక్స్‌హాల్ ప్రాంతంలో, బాంబుదాడికి దెబ్బతిన్న ప్రార్థనామందిరాన్ని కూలుస్తున్న పనివారికి నేలబండ కింద మానవ అవశేషాలు దొరికినప్పుడు, వైమానిక దాడిలో పోయిన ప్రాణాల్లో అదీ ఒకటనుకున్నారు. శవపరీక్ష నిపుణుడు కీత్ సింప్సన్ మాత్రం తలా కాళ్లూ చేతులూ వేరుచేసి ఉండటాన్నీ, వాటి మీద సున్నం ఉండటాన్నీ గమనించి, ఇది బాంబు చేసిన పని కాదని తేల్చాడు. ఆనవాలు మిగలకూడదని చల్లిన సున్నమే గొంతు భాగాన్ని కుళ్లిపోకుండా కాపాడటంతో, స్వరపేటిక దగ్గరి మృదులాస్థి విరిగిన జాడ బయటపడి, గొంతు నులిమి చంపారని రుజువైంది. పళ్లకు చేసిన వైద్యాన్ని దంతవైద్యుడి రికార్డుతో సరిచూడగా మృతురాలు రేచెల్ డాబ్కిన్ అని తెలిసింది. పక్క భవనంలో, బాంబుల వల్ల నిప్పంటుకోకుండా చూసే కాపలాదారుగా పనిచేసిన ఆమె భర్త హ్యారీని 1943 జనవరిలో ఉరితీశారు.

రెండో మెళకువ యుద్ధపు కట్టుబాట్లనే ఆధారాలుగా మలచడం. బ్లాకవుట్, అంటే శత్రువిమానాలకు ఊరు కనబడకుండా రాత్రిళ్లు దీపాలార్పే నియమం, నేరస్థుడికి చీకటినిస్తుంది. అదే యుద్ధం మనిషి వంటిమీది సామగ్రికి నంబరు వేసి, తినే తిండికి కార్డు పెట్టి, అతణ్ని పట్టిస్తుంది. 1942 ఫిబ్రవరిలో వారం తిరగకముందే నలుగురు స్త్రీలను చంపిన వైమానికదళ శిక్షణార్థి గోర్డన్ కమిన్స్, మరొకరిపై దాడిచేసి పారిపోతూ గ్యాస్ మాస్కు వదిలేశాడు. దాని మీది సర్వీసు నంబరే అతని చిరునామా అయింది.

మూడోది వాతావరణ చిత్రణ. భిలాయి ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని నానా ప్రాంతాల జనం చేరిన రిసాలి వంటి చోట, మూడు షిఫ్టులకు అలవాటుపడిన పాఠకుడికి అర్ధరాత్రి వీధిలో అడుగుల చప్పుడు అనుమానం కలిగించదు. దీపాలార్పిన ఊళ్లో అదే చప్పుడు విని కాపలాదారు ఆగమంటాడు. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని సంగతులకు ఇలా అర్థం మారిపోవడాన్ని చూపడంలోనే రచయిత నేర్పు తెలుస్తుంది.

భారతదేశంలోనూ ఇందుకు సరుకు తక్కువేమీ కాదు. శరదిందు బందోపాధ్యాయ సృష్టించిన బ్యోమకేశ్ బక్షిని 2015లో దిబాకర్ బెనర్జీ తన హిందీ చిత్రంలో జపాను బాంబుల భయం నీడలోని కలకత్తాలో నిలబెట్టాడు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద నిజంగానే జపాను బాంబులు పడ్డాయి. అప్పటి కోస్తా, రాయలసీమ తెలుగువారికి రాజధాని అయిన మద్రాసులో, సినిమావాళ్ల గుట్టు రట్టుచేసే రాతలతో పేరుమోసిన పత్రికా నిర్వాహకుడు లక్ష్మీకాంతన్‌ను 1944 నవంబరు 8న వేపేరిలో కత్తితో పొడవగా, మర్నాడు మరణించాడు. ఆ హత్యకు సినీనటులు త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్. కృష్ణన్‌లకు యావజ్జీవ శిక్షపడి, కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లాక, 1947లో ఇద్దరూ నిర్దోషులుగా విడుదలయ్యారు, హంతకులెవరో తేలనేలేదు.

లక్షలమంది చస్తుంటే ఒక్క హత్య కోసం ఇంత ఆరాటమెందుకన్న ప్రశ్న ఈ కథల్లో పరిశోధకుడికి అడుగడుగునా ఎదురవుతుంది. 2002లో మొదలైన బ్రిటిష్ టీవీ ధారావాహిక ‘ఫోయిల్స్ వార్’లో, నేరం చేసినవాడు యుద్ధానికి పనికొచ్చే మనిషైతే చట్టం కళ్లు మూసుకోవాలా అన్నదాకా ఆ ప్రశ్న వెళుతుంది. ఈ సాహిత్యం విలువ దానికిచ్చే జవాబులోనే ఉంది. వాక్స్‌హాల్‌లో దొరికిన ఎముకలకు బాంబు మృతుల పట్టికలో చోటు సిద్ధంగానే ఉంది. ఆ లెక్కను ఒప్పుకోకుండా, వాటికి ఒక పేరు వెతకడమే పరిశోధకుడి పని.