నర్సమ్మ చేతి పట్టీ

గద్వాలలో మగ్గం గుంటలోంచి లేచొచ్చిన పెద్దాయనను ఏఎన్‌ఎం నర్సమ్మ ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టింది.

"మాట్లాడకు పెద్దనాయనా. కాళ్లు నేలకు ఆనించు."

చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి నింపింది. 160/100.

"గోలీలు ఆపేసినవా?"

"తలనొప్పి లేదు గదా బిడ్డా!"

చిక్కంతా అక్కడే, బీపీకి నొప్పుండదు. ఏళ్లు గడిచేకొద్దీ మెదడు లోతుల్లోని సన్నటి ధమనుల గోడలు మందమెక్కి, దారి పూడుతుంది. చిన్న చిన్న స్ట్రోకులు, తడబడే నడక, మతిమరుపు. కేశనాళికలైతే మరీ ఇరుకు, ఎర్రకణాలు వరుసకట్టి ఒక్కొక్కటే ఒదిగి దూరాలి. ఒంటి బరువులో 2 శాతమే ఉన్న మెదడు వాడే 20 శాతం ఆక్సిజన్ అందేది అలాగే.

ఎంఆర్ఐ చూపేది జరిగిన నష్టాన్ని. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లోనూ తిరిగే ఇలాంటి పట్టీయే నాకు పెద్ద వైద్యం. ఆమె రెండోసారి కొలిచి, పుస్తకంలో రాసుకుని, పక్కింటి తలుపు తట్టింది.