చిక్కుపడని పోగు

కొల్లేటికోట రేవులో, పెద్దింట్లమ్మ గుడి కనిపించేంత దూరాన, దోనె మొన మీద నిలబడ్డ మనిషి వలను ఎడమ మోచేతి మీద మడతలు మడతలుగా సర్దుకుంటాడు. చూడ్డానికి అదంతా ఒకటే చిక్కు. విసిరితే మాత్రం గొడుగులా విచ్చుకుంటుంది. ఆ చేతికి మొక్కినట్టే నీకూ మొక్కుతాను, క్రొమాటిన్ పోగా!

రెండు మీటర్ల పొడవు డీఎన్ఏవి. నీ ఇల్లు, ఆ కణ కేంద్రకం, మిల్లీమీటరులో నూరోవంతు. ఒళ్ళంతా ఫాస్ఫేట్ల ఋణావేశంతో నిన్ను నువ్వే దూరంగా నెట్టుకునేదానివి, అంత ఇరుకులో ఎలా ఒదిగావు తల్లీ! ధనావేశమున్న హిస్టోన్ ప్రోటీన్లు ఎనిమిది చేరి కండె అయితే, దానికి 147 క్షార జంటల మేర, రెండు చుట్లకు కాస్త తక్కువగా చుట్టుకుంటావు. కొంత దూరం సాగి మళ్ళీ ఇంకో కండె.

ఆ హిస్టోన్లను ఆల్బ్రెక్ట్ కోసెల్ 1884లో పెద్దబాతు నెత్తుట్లోంచి తీశాడు. పక్షుల ఎర్రకణాలు కేంద్రకాన్ని విడిచిపెట్టవు. చేపలవీ అంతే. మనవి మాత్రం ఎముక మూలుగలోనే దాన్ని వదిలేసి వస్తాయి. కొర్రమీను కోస్తుంటే కత్తిపీట మీద పడ్డ నెత్తుటి చుక్కలో, ఎర్రకణానికొక ఉండగా నువ్వున్నావు. తెగిన నా వేలి చుక్కలో తెల్లకణాల్లోనే దొరుకుతావు. ఆటపాక గూడబాతు ఎగిరితే దాని నెత్తురు నిండా నువ్వే.

పొడవాటి దారాన్ని డబ్బాలో వేసి కుదిపితే ముడులు పడతాయి. నిన్ను వేడి క్షణం ఊరుకోకుండా కుదుపుతున్నా ముడులు అరుదు. ముడుచుకునే పోగు ముందు చిన్న ఉండలవుతుందనీ, ఆ ఉండలు చేరి పెద్ద ఉండలవుతాయనీ, పొరుగు ముక్కలు పొరుగునే ఉండిపోతాయనీ భౌతిక శాస్త్రవేత్త గ్రోస్‌బర్గ్, ఆయన సహచరులు 1988లో లెక్కగట్టారు. 2009లో, నీలో ఏ ముక్క ఏ ముక్కను తాకుతోందో చూసే హై-సి ప్రయోగం నీలో ఆ తీరు జాడే చూపింది. ఎక్కడైనా ముడి పడితే టోపోఐసోమరేజ్ ఎంజైము తెంచి, దాటించి, మళ్ళీ అతుకుతుంది. ఎంత ఓపికైన పని!

ఇక కోహిసిన్ అనే ప్రోటీను ఉంగరం నిన్ను పట్టి లాగుతుంది, ఉచ్చు అంతకంతకూ పెద్దదవుతుంది, సీటీసీఎఫ్ అనే ఇంకో ప్రోటీను కాపలా ఉన్నచోట ఆగుతుంది. ఆ లాగుడికి కూలి ఏటీపీ. దాన్ని 1929లో ఫిస్కేతో కలిసి కండరంలో కనిపెట్టింది ఎవరనుకున్నావు? ఈ కొల్లేటి సరస్సుకు దగ్గర్లోని భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

రేవులో ఆ మనిషి తాడు గుంజుతున్నాడు. మోచేతి కండలో ఏటీపీ ఖర్చవుతోంది. అదే కండ కేంద్రకాల్లో నిన్నూ అదే ఏటీపీ గుంజుతోంది. తడి వల పైకి వస్తోంది, మడత మీద మడత.